పరదేశమున పనియు నీడయు

ఇల్లు విడిచి పరదేశమునకు పోవువానికి కావలసినవి రెండు: చేయుటకు పని, తల దాచుకొనుటకు చోటు. స్వగ్రామమున ఈ రెండును వేర్వేరు విషయములు. పని పోయినను పూరిపాకయైన మిగులును. ఇల్లు కూలినను మేనమామ పంచనో, పొరుగువాని అరుగుమీదనో నాలుగు రాత్రులు గడచును. పరదేశమున ఈ రెండును కలిసి యొకే ముడి యగును. ఆ ముడి యెవని చేత నున్నదో వాడే ఆ మనుష్యునకు ప్రభువు. మన పల్లెలనుండి గల్ఫు దేశములకు బయలుదేరువారు జీతమెంత యని అడుగుచున్నారు. ఏజెంటుకెంత యియ్యవలెనని అడుగుచున్నారు. అచ్చట పండుకొనుటకు చోటెవరిత్తురు, పని పోయిననాడు ఆ చోటేమగునని అడుగువారు అరుదుగ కనబడుచున్నారు. ఈ రెండవ ప్రశ్నయే ముందుగ అడుగదగినదని మా యభిప్రాయము. దానికి హేతువులను పాఠకులయెదుట నుంచుచున్నాము.

ఈ వలస మనకు క్రొత్తది కాదు. గోదావరీ ముఖద్వారమునందలి కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగువారందరికిని పేరై నిలిచినది. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి లక్షలకొలది కూలీలు పొగయోడలెక్కి రంగూను చేరి, రేవులోను బియ్యపు మిల్లులలోను బరువులు మోసిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను పురవాసులలో సగమునకు మించినవారు భారతీయులే. వీరిని కొనిపోయినవాడు మేస్త్రి. పల్లెకు వచ్చి బయానా యిచ్చువాడతడే; ఓడ చార్జీ పెట్టుకొనువాడతడే; రంగూనులో బసయు పనియు చూపువాడతడే; కూలిడబ్బులు తన వంతు తగ్గించుకొని చేతిలో పెట్టువాడును అతడే. అప్పు తీరువరకు కూలి మేస్త్రిని విడువలేడు. విడిచిన ఆ రాత్రికి చాప పరచుకొనుటకు చోటు లేదు. 1931లో ప్రకటింపబడిన కార్మిక రాయల్ కమిషను నివేదిక రంగూను కూలీల బసలయందలి ఇరుకును, అశుభ్రతను తీవ్రముగ నిందించినది. నిందించినదేగాని బస మేస్త్రి చేతినుండి జారలేదు.

1930 మే నెలలో రంగూను రేవునందు మన తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరి మనవారు మరల పనికి రాగానే ఆ బర్మీయులను పొమ్మనిరి. ఇరువురును పేదలే, ఇరువురిని వాడుకొన్నది మూడవవాడు. అయినను కత్తులు దూసుకొన్నది ఆ పేదలిరువురే, అనేకులు హతులైరి. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసినపుడు, తరతరములుగ అచ్చట శ్రమించినవారు మూటలు నెత్తిన బెట్టుకొని కొండలు, అడవులు దాటి లక్షలకొలదిగ స్వదేశమునకు నడచిరి. త్రోవలో రాలిపోయినవారు వేలకొలది. ఆ దేశమున వారు కట్టిన గోడలెన్నియో. వారి పేర నున్న గోడ బహు కొద్ది.

మేస్త్రి పోయినాడు. ఆయన పనిని ఇప్పుడు ముగ్గురు పంచుకొనిరి. జగిత్యాలలోనో, నిజామాబాదులోనో, రాజంపేటలోనో, కోనసీమలోనో ఏజెంటు ఒకడు; గల్ఫు నగరమున కఫీలు ఒకడు; పని చేయించుకొను కంపెనీ మరియొకటి. కఫాలా అనగా పూచీ. అన్యదేశీయుడెవడైనను ఆ దేశపు యజమాని యొకని పూచీపైననే నిలువవలెను. అకామా యను నివాసపత్రము ఆ యజమాని పేర ముడివడి యుండును. యజమానిని విడిచినచో పనియేగాక దేశమున నిలుచు హక్కును పోవును. కంపెనీ కూలీలకు కంపెనీయే క్యాంపు చూపును. ఇంటిపనికి పోయిన స్త్రీకి యజమాని యిల్లే యిల్లు. అందుచేత పనియు, నీడయు, దేశమున నిలుచు అనుమతియు మూడును ఒక్క తాళపుగుత్తికే వ్రేలాడుచున్నవి. ఆ గుత్తి విడిచి బయటపడినవానిని మనవారు "ఖల్లివెల్లి" యనుచున్నారు. అరబ్బీలో "పోనిమ్ము" అను అర్థమిచ్చు ఆ మాట, కాగితములు లేని మనిషికి తెలుగు పల్లెలలో బిరుదమై కూర్చున్నది.

ఇది ఊహ కాదు. 2016వ సంవత్సరమున సౌదీ అరేబియాలో నిర్మాణపు పనులు స్తంభించి, గొప్ప సంస్థలు నెలల తరబడి జీతములు చెల్లింపక పోయినవి. క్యాంపులలోని భోజనశాలలు మూతపడినవి. వేలకొలది భారతీయ కార్మికులు జెద్దా మొదలగు చోట్ల తిండికే లేక నిలిచిపోగా, మన రాయబార కార్యాలయమువారు, అచ్చటి భారతీయులు అన్నము పంచవలసి వచ్చినది. కేంద్రమంత్రి యొకరు స్వయముగ పోవలసి వచ్చినది. బకాయి జీతములు విడిచి యింటికి పోవుదమన్నను యజమాని అనుమతి లేక కదలలేకపోయినవారు అనేకులు. ఒక్క సంస్థ చెడినంతమాత్రమున కూలి, కూడు, గూడు, ప్రయాణము నాలుగును ఒక్క దినమున నిలిచిపోవుట మరి యే యేర్పాటునందును జరుగదు.

2024 జూన్ 12వ తేదీ వేకువను కువైటులోని మంగాఫ్ పేటయందు కార్మికులుండు అంతస్తుల భవనమొకటి కాలిపోయి, దాదాపు 50 మంది మృతినొందిరి. వారిలో అత్యధికులు భారతీయులు, అందు కేరళీయులెక్కువ, ఆంధ్రప్రదేశమువారు ముగ్గురు. నూట తొంబదిమందికి పైగ ఆ యొక్క భవనమున నుండిరి. మృతులలో పెక్కురిని చంపినది మంటకంటె పొగయే. అంతమందిని అచ్చట నుంచినది కంపెనీ; వారు ఎంచుకొన్న యిల్లు కాదది. మెట్ల సందు ఇరుకైనదని, గదిలో పడకలెక్కువైనవని ముందుగ పలుకగల స్థితిలో వారెవరును లేరు. అద్దె యిచ్చువాడు ఇల్లు బాగులేదని మరియొక యిల్లు చూచుకొనును. అద్దె తన జీతములోనే కలిసిపోయినదని చెప్పబడినవాడు ఎవరితో చెప్పుకొనును?

క్యాంపు వలదని స్వయముగ నీడ వెదకుకొనువారి గతి మరియొక విధము. "ఆజాద్ వీసా" యనుచు ఏజెంటు అమ్ము కాగితమునకు శాసనమున స్థానము లేదు. పేరునకొక కఫీలు, అతనికి ఏటేట సొమ్ము కట్టి, బయట దొరికిన పని చేసికొనుట. ఇట్టివారు దుబాయి వంటి నగరములలో గదికి గాక పడకకు అద్దె చెల్లింతురు. ఒక గదిని చెక్కలతో, తెరలతో నాలుగు చేసి, ఒక్కొక్క దానిలో రెండంతస్తుల మంచములు వేసి అద్దెకిత్తురు. దుబాయిలో అద్దె ఒడంబడికను ప్రభుత్వము వద్ద నమోదు చేయు పద్ధతికి "ఇజారీ" యని పేరు. ఈ మాట మనకు పరాయిది కాదు. ఇజారా, ఇజారాదారు అను పదములు మన కరణముల లెక్కలలో తరతరములుగ నున్నవే. గది మొత్తమునకు నమోదు ఒక్కని పేర నుండును. పడక యద్దెకు తీసికొన్నవానికి తరచుగ రసీదైన నుండదు. 2025 జూన్ మాసమున దుబాయి పురపాలకులు ఈ చెక్కల గదులను తొలగింప మొదలిడిరి. అగ్నిభయము దృష్ట్యా ఆ పని న్యాయమే. కాని ఆ చెక్క వెనుక పండుకొన్నవాడు మరునాడెక్కడ పండుకొనవలెనను ప్రశ్నకు ఏ కార్యాలయమును జవాబుదారి కాలేదు.

ఆ దేశములలో శాసనములే లేవనుట సత్యము కాదు. ఇంటిపనివారి విషయమై కువైటులో 2015వ సంవత్సరమున 68వ నంబరు శాసనము వచ్చినది. దినమునకు 12 గంటలకు మించి పనిచేయింపరాదు, వారమునకొక దినము విశ్రాంతి యియ్యవలెను, పాస్‌పోర్టును యజమాని దాచుకొనరాదు అని అందు కలదు. ఖతారు దేశము 2020లో, పాత యజమాని అనుమతి లేకయే కార్మికుడు పని మారవచ్చునని శాసించినది. 2021 మార్చి నుండి కనీస వేతనము 1,000 రియాళ్లుగ నిర్ణయించి, యజమాని వసతి చూపనిచో మరియొక 500, భోజనము పెట్టనిచో 300 రియాళ్లు చెల్లింపవలెనని విధించినది. ఈ లెక్కను మన పాఠకులు శ్రద్ధగ చూడవలెను. నీడ, తిండి కలిసి 800 రియాళ్లని ఆ ప్రభుత్వమే వెలకట్టినది. వెయ్యి రియాళ్లను మాట రెండు కాగితములమీద ఒక్క తీరుగనే కనబడును. వసతి భోజనములు కంపెనీవా, కావా యను ఒక్క వాక్యమువలన ఒక దానికి 1,800 రియాళ్ల విలువ, రెండవదానికి వెయ్యియే. ఏజెంటు నోట వినబడునది అంకె. వినబడనిది ఆ వాక్యము.

శాసనమున్నను కార్మికుడు ఫిర్యాదు చేయడేల? పిరికివాడు కనుక కాదు. ఫిర్యాదు చేసిన రాత్రి యెక్కడ పండుకొనవలెనో తెలియక. యజమాని యింటనే యుండి యజమానిపై వ్యాజ్యమాడుట మనలో నెవ్వరికిని సాధ్యము కాదు. న్యాయస్థానమునందు వాదము నెలల తరబడి సాగును; అంతవరకు ఉండుటకు చోటు, తినుటకు అన్నము ఉన్నవాడే వాది కాగలడు. కనుక పరదేశమున న్యాయమునకు మొదటి మెట్టు న్యాయవాది కాదు, ధర్మసత్రము. రాయబార కార్యాలయముల అధీనమున 2009 నుండి భారతీయ సమాజ సంక్షేమ నిధి యొకటి కలదు. ఆపన్నులకు వసతి, భోజనము, న్యాయసహాయము, ఇంటికి చార్జీ యియ్యవచ్చునని దాని నిబంధన. ఇట్టి ఆశ్రయములు పని ఎక్కువగనున్న ప్రతి నగరమునను, పురుషులకును స్త్రీలకును వేరువేరుగ, పడకలకు కొరత లేక యుండుట అత్యవసరము. రాజధాని నగరమున నొక ఆశ్రయము తెరచి, ఆరువందల మైళ్ల దూరమున ఎడారి తోటలోనున్న గొఱ్ఱెల కాపరిని రమ్మనుట వినోదము.

ఇక మన దేశపు శాసనము. 1983 వలస శాసనము ననుసరించి, పదవ తరగతి తప్పినవారు, చదువనివారు 18 దేశములకు పనికై పోవుటకు వలసదారుల సంరక్షకుని అనుమతి పొందవలెను. ఏజెంటుకు ప్రభుత్వపు లైసెన్సుండవలెను. అతడు 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి తీసికొనరాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు 10 లక్షల రూపాయలు చెల్లును. రెండేండ్లకు దాని చందా 275 రూపాయలే. 30 ఏండ్ల లోపు స్త్రీని ఇంటిపనికై ఆ దేశములకు పంపరాదు. ఇవన్నియు మంచివే. కాని సందర్శకుల వీసాపై పోవువారికి ఈ రక్షణలలో ఒక్కటియు తగులదు. అందుచేతనే దొంగ ఏజెంటు మొట్టమొదట చూపు త్రోవ అదియే. వాడు "అచ్చటికి పోయిన తరువాత మార్చుకొనవచ్చును" అని యొక మాట చెప్పును. ఆ మాటతో 1983 శాసనము, 30,000 రూపాయల హద్దు, 10 లక్షల బీమా మూడును గాలికి పోవును.

ముప్పదివేలకు బదులు లక్షన్నర పుచ్చుకొన్నాడనుకొందము. ఆ సొమ్ము పల్లెలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది. నెలకు 3,000 రూపాయల వడ్డీ. రెండేండ్ల ఒడంబడిక ముగియునప్పటికి వడ్డీయే 72,000. అసలు అట్లే యున్నది. మేస్త్రి బయానాకును దీనికిని భేదమేమి? ఆనాడు అప్పిచ్చినవాడు రంగూనులో నుండెను. ఈనాడు అప్పిచ్చినవాడు మన వీధిలోనే, కొన్ని చోట్ల మన చుట్టమై, భార్య పుస్తెలు తాకట్టు పెట్టుకొని కూర్చున్నాడు. క్యాంపు ఎంత హీనముగ నున్నను, జీతము మూడు నెలలు రాకున్నను, ఆ మనుష్యుడు నోరు మెదపక యుండుటకు కారణము అచ్చటి కఫీలు సగము, ఇచ్చటి వడ్డీ సగము.

పట్టణవాసులగు మన పాఠకులలో కొందరు, ఇది పల్లెకూలీల గోడు, మా పిల్లలు పెద్ద చదువులకై జర్మనీకో, ఇంగ్లండుకో, అమెరికాకో పోవుచున్నారు గదా యని యనుకొనవచ్చును. ఆ పిల్లలకును ముడి యొక్కటియే. అమెరికాలో విద్యార్థి వీసాపైనున్నవాడు చదువు సాగు దినములలో విద్యాలయ ప్రాంగణమునందే వారమునకు 20 గంటలవరకు పనిచేయవచ్చును. అనుమతి లేక బయట రహస్యముగ పనిచేసిన వీసాకే ముప్పు. జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారములలో చిరునామాను నమోదు చేయించవలెను. అందుకు ఇంటియజమాని ధ్రువపత్రము కావలెను. చిరునామా లేనిదే పెక్కు పనులు నడువవు. ఆ తొందర నెరిగిన మోసగాండ్రు, ఇల్లు చూపక ముందే సొమ్ము పంపుము, తాళము టపాలో వచ్చునని వ్రాయుదురు. చూడని యింటికి రూపాయి పంపరాదను ఒక్క నియమము అనేక కుటుంబములను కాపాడగలదు. జర్మనీ శాసనము ననుసరించి అద్దె ధరావతు మూడు నెలల మూలపు అద్దెకు మించరాదు. దానిని మూడు వాయిదాలలో చెల్లింపవచ్చును. ఇంగ్లండులో 2019 శాసనమువలన సామాన్యమగు ఇండ్లకు ధరావతు ఐదు వారముల అద్దెకు మించరాదు. దానిని యజమాని 30 దినములలో ప్రభుత్వామోదిత పథకమున నుంచవలెను. ఈ విషయము లెరిగిన విద్యార్థి నిలుచును. ఎరుగనివాడు దేశస్థుడనుకొని నమ్మిన మనవానిచేతనే ఒక గదిలో ఆరుగురితో కలసి పడియుండును.

కట్టుబాట్లెక్కువైనచో పేదలు దొంగత్రోవలనే పోవుదురని కొందరు వాదింతురు. ఈ వాదమును తేలికగ త్రోసివేయరాదు. 30 ఏండ్ల నిషేధమే అందుకు తార్కాణము: కువైటులో జీతము, ఇంట అప్పు ఉన్న ఇరువదియైదేండ్ల కడప వనిత ఆగిపోదు, వయస్సు మార్చిన కాగితముతోనో, సందర్శకుల వీసాతోనో పోవును, పోయిన తరువాత లెక్కలో లేని మనిషి యగును. నిషేధము ఆమెను రక్షింపలేదు, ఆమె గుర్తును మాత్రమే చెరపినది. కావున మేము కోరునది మరిన్ని తలుపులు మూయుట కాదు. సరియైన త్రోవ దొంగత్రోవకంటె చౌకగను, శీఘ్రముగను ఉండునట్లు చేయుట. తెలంగాణ, ఆంధ్రప్రదేశ రాష్ట్రములకు విదేశ ఉద్యోగముల కొరకు ప్రభుత్వ సంస్థలు కలవు. అవి ఏజెంటు వలె ప్రతి మండలమునకు పోవలెను. వీసాకు ముందుగ అయ్యెడు ఖర్చును సహకార సంఘముల ద్వారా తక్కువ వడ్డీకి అప్పిప్పించవలెను. కేరళమువారు 1996లోనే ప్రవాసుల కొరకు ప్రత్యేక శాఖను నెలకొల్పిరి. ఫిలిప్పీనులు 1995లోనే వలస కార్మికులకు ప్రత్యేక శాసనము చేసికొని, ప్రభుత్వము పరిశీలించిన ఒడంబడిక లేనిదే తమవారిని పంపుటలేదు. మన శాసనమును మార్చుటకై 2021లో కేంద్రప్రభుత్వము ఒక బిల్లు చిత్తును ప్రకటించినది. ఎట్టి క్రొత్త శాసనమైనను, ప్రతి ఒడంబడికయందు వసతికి ప్రత్యేక ప్రకరణముండవలెనని విధింపవలెను. గదికి ఎందరు, అగ్నిప్రమాదమునకు రెండవ ద్వారమున్నదా, పని ముగిసిన తరువాత ఎన్ని దినములు ఆ వసతిలో నుండవచ్చును – ఈ మూడింటికి అందు జవాబుండవలెను. ఆ పత్రము తెలుగున గూడ నుండవలెను. చదువలేని భాషలో వ్రేలిముద్ర వేయించుకొనుట సమ్మతి యనిపించుకొనదు.

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని యుండ నక్కరలేదు. ఈ పత్రిక చదువబడు ప్రతి పఠనమందిరమునందును లైసెన్సుగల ఏజెంట్ల పట్టిక గోడకు అంటింపవచ్చును. కేంద్రప్రభుత్వపు ఈ-మైగ్రేట్ అను పట్టికలో అది యెవరికైనను దొరకును. వారమునకొక సాయంకాలము, చదువుకొన్నవారొకరు కూర్చుండి, పోబోవువారి ఒడంబడికలను తెలుగున చదివి వినిపింపవచ్చును. మావంటి వకీళ్లకు ఇది రెండు గంటల పని. వినువానికి రెండేండ్ల బ్రతుకు. పోవువారు పాస్‌పోర్టు, వీసా, ఒడంబడిక, బీమా కాగితముల నకళ్లు ఇంటనొకటి, మందిరమున నొకటి యుంచిపోవలెను. చేరిన మొదటి వారముననే క్యాంపు చిరునామాను, కంపెనీ పేరును ఇంటికి వ్రాయవలెను. ఆపద వచ్చిననాడు, "మా వాడు దుబాయిలో నున్నాడు" అనుటకంటె ఏమియు చెప్పలేని తండ్రికి ఏ రాయబారియు సహాయము చేయజాలడు. ఒకే మండలమువారు ఒక నగరమున పదిమంది చేరినచో నెలకింత చందా వేసికొని, పని పోయినవానికి నెల దినములు పడక చూపు ఏర్పాటు చేసికొనవచ్చును. పడకకు నెల అద్దె ఎంతయైనను పదిమందికి పంచినపుడు అది భారము కాదు. ఆ పడక యున్నదను ధైర్యము పదిమందికిని నోరిచ్చును.

ఆ ధైర్యము ఒక్క పడకతోనే ఆరంభమగును గనుక, ఆ పని ఈ వారమే మొదలిడుడని జగిత్యాల మొదలు రాజంపేట వరకుగల యువజన సంఘములను, పఠనమందిరముల కార్యదర్శులను కోరుచున్నాము. రాబోవు మాసమున విమానమెక్కువారి పేర్లు మీ యూరనే దొరకును. వారిని పిలిచి, జీతమెంత యని అడుగుటకు ముందు, ఎక్కడ పండుకొందువని అడుగుడు.